టెండరులో తగ్గిన సొమ్ము వీధివాళ్లకూ తగ్గాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. గోదావరి డెల్టా పట్టణాల శివారు కాలనీల్లో లేఅవుట్ వేసినవాళ్లు రోడ్లూ డ్రైన్లూ లేకుండానే స్థలాలు అమ్ముకుని వెళ్లిపోతే, ఆ భారం చివరికి కొనుక్కున్నవాళ్ల మీద పడుతోంది. మా వీధికి సీసీ రోడ్డు మంజూరైనప్పుడు ఇంటి ముందు గజానికి ఇంత చొప్పున వాటా కట్టమన్నారు. రోడ్డు కావాలి కాబట్టి అందరం ఒప్పుకున్నాం. మా అభ్యంతరమల్లా ఆ వాటా లెక్కగట్టిన తీరు మీదే.

వాటాను ఇంజినీర్లు వేసిన అంచనా మీద నిర్ణయించారు. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో టెండరు పిలిస్తే, కాంట్రాక్టరు బాగా లెస్‌కి, అంటే అంచనా కంటే బాగా తక్కువ ధరకి వేసి పని దక్కించుకున్నాడు. మా వాటా మాత్రం రూపాయి కూడా తగ్గలేదు. 20 లక్షల అంచనా ఉన్న పని 20 శాతం లెస్‌కి వెళ్తే 4 లక్షలు మిగులుతాయి. ఖర్చులో సగం వీధివాళ్లదైతే అందులో 2 లక్షలు వాళ్లకే చెందాలి. ఆ సొమ్ము ఏ పద్దు కింద పోయిందని అడిగితే ఆఫీసులో ఎవరూ సూటిగా చెప్పలేదు.

లెస్ గురించి ఇంకో భయం ఉంది. అంచనా కంటే 25 శాతానికి మించి తగ్గించి వేస్తే, ఆపైన తగ్గిన మొత్తానికి బ్యాంకు గ్యారంటీనో డీడీనో ఇవ్వాలని 2003 నాటి జీవో 94 చెప్తోంది. అంతలోపు తగ్గిస్తే అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. మరి ఆ తగ్గించిన డబ్బు కాంట్రాక్టరు ఎక్కడ మిగుల్చుకుంటాడు? కంటికి కనపడని చోటే. మాది తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నల్లమట్టి. కాలువలకు నీళ్లు వదిలారంటే నాలుగడుగుల లోతులోనే ఊట వచ్చేస్తుంది. ఇలాంటి నేల మీద పాత రోడ్డు తవ్వి, గ్రావెల్ పరిచి, రోలరు తిప్పి, అప్పుడు కాంక్రీటు పోయాలి. ఆ పనంతా మానేసి పాత రోడ్డు మీదే కొత్తది పోస్తే కాంట్రాక్టరుకి ఖర్చు కలిసొస్తుంది, రోడ్డు అర అడుగు పైకి లేస్తుంది.

మా వీధి మలుపులో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంటికి ఒకప్పుడు మూడు మెట్లుండేవి. ఇప్పుడు ఒక్కటి మిగిలింది. జులైలో ముసురు పట్టిందంటే గేటుకి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చుకుంటుంది. అయినా డ్రైను నీళ్లు వంటింట్లోకి వచ్చేస్తాయి. ఎదురుగా రోడ్డు వైపు షట్టర్లు పెట్టి దుకాణాలు అద్దెకిచ్చినాయనకీ ఆవిడకీ గజానికి ఒకటే రేటు. ఆయన అద్దెలు పెరిగాయి, ఆవిడ ఇల్లు పల్లమైంది. దీన్ని లబ్ధికి తగ్గ వాటా అని ఎలా అంటాం?

పైగా మన రాష్ట్రంలో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును ఆస్తి విలువ మీద వేస్తున్నారు. రోడ్డు వల్ల స్థలం ధర పెరిగితే, ఆ మేరకు పన్ను రూపంలో మున్సిపాలిటీకి ఎలాగూ వస్తుంది. అధికారులు దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మా అమ్మాయి వాళ్లుండే అమెరికాలోని మిన్నెసోటాలో కూడా రోడ్డు ఖర్చు కొంత ఇళ్లవాళ్ల మీద వేస్తారు. కానీ ముందు అందరికీ నోటీసులిచ్చి బహిరంగ విచారణ పెట్టాలి. రోడ్డు పొడవునా ఉన్న స్థలాల్లో కనీసం 35 శాతం మేర యజమానులు అర్జీ పెట్టుకోకపోతే, ఆ పని మొదలుపెట్టడానికి కౌన్సిల్‌లో ఐదింట నాలుగు వంతుల ఓట్లు పడాలి. అన్నిటికంటే నాకు నచ్చింది మరొకటి. ఆ పని వల్ల ఒక స్థలానికి పెరిగిన విలువ కంటే ఎక్కువ వాటా దాని మీద వేయకూడదు. వేస్తే కోర్టుకి వెళ్లొచ్చు. ఇక్కడి చట్టాలు వేరే, ఒప్పుకుంటాను. కానీ వీధివాళ్లను ముందుగా పిలిచి మాట్లాడటానికి మన దగ్గర ఏ చట్టమూ అడ్డం రాదు కదా.

సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఇలాంటి వివరాలు అడక్కముందే ప్రజల ముందు పెట్టాలి. పని మొదలయ్యే ముందే వీధి మొదట్లో బోర్డు కట్టి అంచనా, టెండరు ధర, ఒక్కో ఇంటి వాటా రాయాలి. పూర్తయ్యాక రోడ్డు ఇప్పటికంటే ఎంత ఎత్తులో ఉంటుందో, ఎన్నేళ్ల వరకు మరమ్మతులు కాంట్రాక్టరే చేయాలో కూడా అందులోనే ఉండాలి. పాత రోడ్డు తవ్వడం, డ్రైను కట్టడం అంచనాలోనే చేర్చి, అవి జరిగాయని వీధిలో ఇద్దరు సంతకం పెట్టాకే బిల్లు పాస్ చేయాలి.

మా రెండో విడత వాటా ఈ నెలాఖరులోగా కట్టాలని డిమాండ్ నోటీసులు వచ్చాయి. కమిషనర్ గారు టెండరు ధర మీద లెక్క తిరగరాయించి ఇప్పిస్తే, గడువు దాకా ఆగకుండా కట్టేస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా