70 శాతం సరే, కొలిచిందెలా?

సంపాదకులకు,

ఎలక్ట్రిక్ కార్ల ప్రకటనల్లో ‘8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల బ్యాటరీ వారంటీ’ అని పెద్దక్షరాల్లో వేస్తారు. సామర్థ్యం ఇంత శాతం కంటే పడిపోతేనే అది వర్తిస్తుందన్న షరతు వారంటీ పుస్తకం లోపలి పేజీల్లో ఉంటుంది. ఎక్కువగా ఆ అంకె 70. దాన్ని ఎలా కొలుస్తారో మాత్రం కొనేవాడికి ఎవరూ చెప్పరు. గొడవంతా అక్కడే వస్తోంది.

సర్వీస్ సెంటర్లో సాధారణంగా చేసేది స్కానర్ తగిలించి, బీఎంఎస్ (బ్యాటరీని నియంత్రించే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) చూపే ‘ఎస్ఓహెచ్’, అంటే కొత్తప్పటితో పోలిస్తే ఎంత సామర్థ్యం మిగిలిందో చెప్పే అంకె చదవడం. అది కొలత కాదు, అంచనా. లోపలికి, బయటికి పోయే కరెంటును బీఎంఎస్ కూడుతూ తీసేస్తూ లెక్క కడుతుంది. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌లో చార్జి 80 శాతం ఉన్నా 30 శాతం ఉన్నా వోల్టేజీ ఇంచుమించు 3.2, 3.3 దగ్గరే ఉంటుంది కాబట్టి, నెలల తరబడి 40 నుంచి 80 మధ్యే తిప్పిన బండిలో ఆ లెక్క దారి తప్పుతుంది. అందుకే పరీక్షకు ముందు ఒకటి రెండు సార్లు నెమ్మది చార్జర్ మీద పూర్తి 100 దాకా పెట్టి, నిండాక కూడా కొంతసేపు ప్లగ్ తీయకుండా ఉంచాలి.

అసలు పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. చార్జింగ్ లైనుకు ఒక సబ్ మీటర్ పెట్టించండి. బండిని 10 శాతానికి దించి, రెండు గంటలు నీడలో ఆపి, ఏసీ చార్జర్‌తో 100 దాకా ఎక్కించి యూనిట్లు రాసుకోండి. 30 యూనిట్ల బ్యాటరీకి మీటరు 24 తిరిగిందనుకుందాం. చార్జర్ వేడిలో పోయేది సుమారు 12 శాతం తీసేస్తే బ్యాటరీలోకి వెళ్లింది 21.1. అది 90 శాతం చార్జి కాబట్టి మొత్తం 23.5 యూనిట్లు, అంటే 78 శాతం. బ్రోచర్లో రాసే యూనిట్లలో కొన్ని కొత్త బండిలోనే వాడకానికి రావు. అందుకే కొన్న మొదటి నెలలోనే ఒకసారి ఇలా కొలిచి దాచుకుంటే రేపు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

కొన్ని బండ్లు 18 శాతం చూపిస్తూనే ఆగిపోతాయి. లెక్క తప్పినా అలా జరుగుతుంది, సెల్ బలహీనపడినా జరుగుతుంది. తేల్చుకోవాలంటే చార్జి అడుగంటినప్పుడు స్కానర్లో కనిష్ఠ, గరిష్ఠ సెల్ వోల్టేజీలు చూడాలి. మిగతావన్నీ 3.1 దగ్గర ఉండగా ఒక్కటి 2.7కు జారితే, బీఎంఎస్ ఆ ఒక్కదాన్ని చూసే బండిని ఆపేస్తుంది. ఇది వయసుతో వచ్చే తరుగు కాదు, లోపం. దీనికి 70 శాతం షరతు అడ్డం పెట్టడం న్యాయం కాదు.

నిస్సాన్ లీఫ్ సంగతి ఇక్కడ చెప్పాలి. బ్యాటరీకి చల్లదనం ఇచ్చే ఏర్పాటు లేని ఆ కారు అమెరికాలోని అరిజోనా ఎండల్లో త్వరగా సామర్థ్యం కోల్పోయింది. వివాదం ముదిరాక కంపెనీ 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్లలోపు డ్యాష్‌బోర్డు మీది 12 గీతల్లో 9 కంటే తగ్గితే బాగు చేస్తామని ఒప్పుకుంది. గీతలు మొరటు కొలతే కావచ్చు, కానీ యజమాని కూడా వేలు పెట్టి లెక్కపెట్టుకోగలడు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల వేదిక 2022లో ఆమోదించిన ‘జీటీఆర్ 22’ అనే అంతర్జాతీయ సాంకేతిక నిబంధన ఇంకో అడుగు వేసింది: 5 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు 80 శాతం, 8 ఏళ్లు లేదా 1.6 లక్షలకు 70 శాతం మిగలాలి, మిగిలిన శక్తి ఎంతో యజమానికి కనిపించాలి. రామగుండం, రెంటచింతల ఎండల్లో తిరిగే బండ్లకు ఈ నియమం ఇంకా అవసరం. కేంద్ర రవాణా శాఖ దీన్ని తప్పనిసరి చేయాలి.

అందాకా కొన్నవాళ్లు చేయగలిగింది ఉంది. జాబ్ కార్డులో ‘రేంజ్ తగ్గింది’ అని రాయనివ్వకండి. ఏసీ, వేగం, టైర్లలో గాలి అంటూ తిప్పి పంపేస్తారు. ‘బ్యాటరీ సామర్థ్య పరీక్ష’ అనే రాయించి, పరీక్షప్పటి ఉష్ణోగ్రత, చార్జి శాతం, ఎక్కిన యూనిట్లు, సెల్ వోల్టేజీలు కాగితం మీద అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్ ప్రయోగశాలకు పంపగలదు. ఒక్క జాగ్రత్త: బీఎంఎస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేస్తామంటే, వేయకముందే రీడింగుల నకలు తీసుకోండి. వేశాక పాత అంకెలు దొరక్కపోవచ్చు.

- ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరు, గుంటూరు