‘పెయిడ్’ పార్సిల్‌కు మళ్లీ కిరాయా?

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు “క్రైస్తవులకు నమ్మితే చాలట, వారమంతా ఏం చేసినా ఆదివారం మాఫీ” అని రాశారు. కోపంగా రాసినా మర్యాద తప్పలేదు. ఈ మాట నాకు కొత్త కాదు. సికింద్రాబాద్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు టీ తాగుతూ విన్నదే. అప్పట్లో నవ్వి ఊరుకునేవాణ్ని. ఇప్పుడు రిటైరై మెట్టుగూడలో ఖాళీగా ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

ఆయన చూపించింది బైబిల్లోని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం. ఫిలిప్పీ చెరసాల అధికారి “రక్షణ (పాపాల నుంచి విడుదల) పొందడానికి నేనేం చేయాలి?” అని అడిగాడు. అక్కడ ఖైదులో ఉన్న క్రైస్తవ ప్రచారకులు పౌలు, సీల “ప్రభువైన యేసును నమ్ము” అన్నారు. అక్కడితో ఆయన పుస్తకం మూసేసినట్టున్నారు. ఇంకో రెండు మూడు వచనాలు చదవాల్సింది. అంతకుముందు బెత్తాల దెబ్బలు తిన్న ఆ ఇద్దరి కాళ్లకు బొండ వేసి బిగించినవాడు ఈ అధికారే. ఆ రాత్రే వాళ్ల గాయాలు కడిగి, ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టాడు. ముందు గాయాలు కడుగు, ఆ తర్వాత రక్షణ సంగతి చూద్దాం అని పౌలు అనలేదు. అలాగని కడగకుండా ఆ అధికారి ఉండలేకపోయాడు.

ఇది నాకు మా ఆఫీసు భాషలో అయితే బాగా అర్థమవుతుంది. మా రోజుల్లో పార్సిళ్లు రెండు రకాలు: ‘టు పే’, ‘పెయిడ్’. మొదటి దానికి ఇక్కడ తీసుకునేవాడు కిరాయి కట్టాలి. రెండో దానికి పంపినవాడే అక్కడ కట్టేసి ఉంటాడు. రసీదు చూపించి, సంతకం పెట్టి తీసుకెళ్లడమే. అయినా కొందరు జేబులు తడుముకుంటూ “నిజంగా ఏమీ ఇవ్వక్కర్లేదా సార్?” అని రెండుసార్లు అడిగేవాళ్లు. ఎండాకాలంలో ఒకరిద్దరు బుట్ట విప్పి రెండు మామిడిపళ్లు నా టేబుల్ మీద పెట్టి పోయేవాళ్లు. (తీసుకోకూడదని రూలు. తెలుసు.) ఆ పళ్లు కిరాయి కింద ఇచ్చినవి కావు, సంతోషం కొద్దీ ఇచ్చినవి. మంచి పనులు కూడా అలాంటివేనని మా విశ్వాసం. ఇక నమ్మడం అంటారా, అది ఆ సంతకం లాంటిది. సంతకం ఎంత అందంగా పెట్టినా కిరాయి చెల్లదు కదా.

బైబిల్లోనే యాకోబు పత్రికలో (అంటే లేఖలో) క్రియలు, అంటే మంచి పనులు, లేని విశ్వాసం మృతమని ఉంది కదా అని అడుగుతారు. ఉంది. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్‌కే అది కొరుకుడు పడక గడ్డితో పోల్చాడు. దీని మీద ఆయన దారిలో నడిచే లూథరన్లకీ కేథలిక్కులకీ వందల ఏళ్లు తగాదా నడిచింది. చివరికి 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. 2006లో మరో ప్రొటెస్టెంట్ శాఖ మెథడిస్టులూ చేరారు. మనిషి తన పనుల వల్ల కాక కృప వల్లే నీతిమంతుడవుతాడని, మంచి పనులు దానికి కాసే పండ్లని అందులో ఒప్పుకున్నారు. అన్ని తేడాలూ పోలేదనుకోండి.

మాలో ఆ పాఠకుడు చెప్పినటువంటివాళ్లు లేరా అంటే, ఉన్నారు. నూటికి పది వడ్డీ తిప్పుతూ ముందు బెంచీలో కూర్చునేవాళ్లు నాకు తెలుసు. దాని మీద ఆయన ఇంకో లేఖ రాస్తే నేనే సంతోషిస్తాను.

కానీ నాకు ఆయన మీద కంటే మావాళ్ల మీదే ఎక్కువ కోపం. 1517లో లూథర్ 95 వాదాలు రాసింది డబ్బుకు పాపపరిహార పత్రాలు అమ్ముతున్నారనే. ఇప్పుడు మన దగ్గర అదే పని చేస్తున్నవి విత్తన కానుకలు (ఇస్తే దేవుడు ఎన్నో రెట్లు తిరిగిస్తాడని అడిగే డబ్బు), అభిషేక తైలం (ప్రార్థన చేసి ఇచ్చే నూనె). నా భార్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఒక పేరున్న ప్రసంగీకుడు ఇంటికి వచ్చాడు. ప్రార్థన చేసి, నూనె సీసా ఇచ్చి, కవరు తీసుకుని వెళ్లాడు. ఆరో కీమో అయినా తగ్గలేదు. ఫోన్ చేస్తే “అమ్మా, మీ విశ్వాసం ఎక్కడో తక్కువైంది” అన్నాడు. ఆ రాత్రి ఆమె నన్ను “ఏమండీ, ఇంకా ఎంత నమ్మాలి?” అని అడిగింది. ఏ ఊరికి ఎంత కిరాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని, దానికి మాత్రం జవాబు చెప్పలేకపోయాను. పెయిడ్ పార్సిల్‌ను ‘టు పే’ చేసేశాడు ఆ ప్రసంగీకుడు. అదీ ఇంత అని రేటు చెప్పకుండా.

ఆమెకు ధైర్యం చెప్పింది మా పాత హెడ్ క్లర్కు. శ్రీవైష్ణవుడు. చూడ్డానికి వచ్చి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుని కోతిపిల్ల, పిల్లికూన సంగతి చెప్పాడు. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి, పిల్లికూననైతే తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. దేవుడు మనిషిని కాపాడేది వీటిలో ఏ తీరుగానో అని వాళ్లలో వడకలై, తెంకలై అని రెండు వర్గాలే ఉన్నాయట. “నువ్వు కూనవమ్మా, చేతులు వదిలెయ్” అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది. ఆయన మతం, నా మతం ఒకటేనని నేను అనడం లేదు. ఆయనా అనలేదు. కానీ బైబిల్లోని ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో రక్షణ “దేవుని వరమే” అన్న మాట నాకు ఆ రోజు అర్థమైనట్టు ఏ ప్రసంగంలోనూ అర్థం కాలేదు.

చివరి వారం మా చర్చి అయ్యగారు ఇంటికే వచ్చి ప్రభురాత్రి భోజనం ఇచ్చారు. అప్పటికి ఆమె ప్రార్థన మాటలు కూడా మర్చిపోయింది, చెయ్యి లేవలేదు. అయ్యగారు రొట్టె ముక్కను ద్రాక్షరసంలో ముంచి నాలుక మీద పెట్టారు. ఆమె నోరు తెరిచింది, అంతే. విశ్వాసం ఉందా, ఎంత ఉంది అని ఆయన అడగలేదు.

నూనె సీసా అల్మారాలో అలాగే ఉండిపోయింది. మొన్న మా గేటు కీచుమంటుంటే మడతబందులకు వేశాను. ఇప్పుడు చప్పుడు లేదు.

ఇట్లు,
రైల్వే పార్సిల్ ఆఫీసు విశ్రాంత గుమాస్తా,
మెట్టుగూడ, సికింద్రాబాద్.
(పేరు వేయవద్దని మనవి.)