అమ్ములుకి, తెనాలి నుంచి నాన్న

అమ్ములూ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు ఫర్వాలేదు గానీ మేడ మెట్లు ఎక్కొద్దంటే వినదు. పండు పరీక్షలు అయిపోయాయి. నీ ఫోను వచ్చి చాలా రోజులైంది. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ తప్ప మాట లేదు. పని ఎక్కువగా ఉందేమో అనుకున్నాం. మొన్న శారదత్త వచ్చి, నువ్వు హంట్స్‌విల్‌లో ఉద్యోగం మానేసి, మీ అలబామాలోనే ఉన్న ఆ పాటల స్టూడియోల ఊరు మజిల్ షోల్స్‌కి వెళ్లిపోతున్నావని డల్లాస్ వాళ్లు చెప్పారంది. నేనేమీ అడగడం లేదు. ఉంటే నువ్వే చెబుతావు.

ఆ ఊరి గురించి ఈమధ్య కాస్త చదివాను, అది రాద్దామని కూర్చున్నాను. మేమొచ్చినప్పుడు రాకెట్లు చూపించి, మర్నాడు పడమటికి గంటన్నర కారు నడిపి తీసుకెళ్లావు కదా. మజిల్ షోల్స్ అంటే ఒక్క ఊరనుకున్నాను. తీరా చూస్తే ఫ్లోరెన్స్, షెఫీల్డ్, టస్కంబియాలతో కలిపి నాలుగు ఊళ్లు, మధ్యలో టెన్నెసీ నది. విల్సన్ డ్యామ్ చూసి మీ అమ్మ మన ప్రకాశం బ్యారేజీలా ఉందంది. 3614 జాక్సన్ హైవే అనే స్టూడియో ముందు కారు ఆపితే, ఇంత చిన్నదా అనుకున్నాను. ఒకప్పుడు శవపేటికలు అమ్మిన చోటు. లోపల నువ్వు, గొంతులూ వాయిద్యాలూ కలిపి సరిచేసే ఆ మిక్సింగ్ బోర్డు దగ్గర నుంచి కదల్లేదు. గైడు పక్క గదిలోకి వెళ్లిపోయినా నువ్వు అక్కడే ఉన్నావు. నాకు అది గుర్తుంది.

మొదటి స్టూడియో 1959లో ఫ్లోరెన్స్‌లో ఒక మందుల షాపు మేడ మీద మొదలైంది. ముగ్గురు భాగస్వాములు. ఏడాది తిరగకుండానే రిక్ హాల్‌ని మిగతా ఇద్దరూ బయటికి పంపేశారు. ఆయన చేతికి దక్కింది 'ఫేమ్' అనే పేరు మాత్రమే. ఆ పేరుతోనే ఒక పాత పొగాకు గోడౌన్‌లో మళ్లీ మొదలుపెట్టి, 1961లో ఆర్థర్ అలెగ్జాండర్ చేత పాట పాడించాడు. అలెగ్జాండర్ అప్పటికి హోటల్లో పెట్టెలు మోసే కుర్రాడు. ఆ పాట ఆడింది, ఆ డబ్బుతో ఎవలాన్ ఎవెన్యూలో ఇప్పటి స్టూడియో కట్టారు. ముందు పాట వచ్చింది, తర్వాత భవనం లేచింది. ఈ వరస నువ్వు గమనించాలి.

పెర్సీ స్లెడ్జ్ కూడా అంతే. ఆసుపత్రిలో రోగులను చూసుకునే పని చేస్తూ వారాంతాల్లో బ్యాండుతో పాడేవాడు. 1966లో షెఫీల్డ్‌లో క్విన్ ఐవీ అనే రేడియో ఆయన స్టూడియోలో పాడిన పాట అమెరికా మొత్తంలో మొదటి స్థానానికి వెళ్లింది. అయితే రాసినవాళ్లుగా కాగితం మీద ఉన్నది ఇద్దరు బ్యాండు స్నేహితుల పేర్లు. అసలు అల్లింది తనేనని ఆయన తర్వాత చెప్పుకునేవాడు. చెప్పుకుంటే డబ్బు రాదు కదమ్మా. నువ్వు ఎక్కడ ఏ కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చినా ముందు బుల్లి మావయ్యకి పంపించు. ఉద్యోగం మానేసే కాగితమైతే మరీను.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది అరీతా ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి గాయని కథ. 1967 జనవరి. ఆమెకి 24 ఏళ్లు. అప్పటికే కొలంబియా రికార్డుల కంపెనీలో కొన్నేళ్లు పాడినా చెప్పుకోదగ్గ హిట్ లేదు. అట్లాంటిక్ కంపెనీ జెర్రీ వెక్స్‌లర్ ఆమెని న్యూయార్క్ నుంచి ఫేమ్‌కి తీసుకొచ్చాడు. అంతకు మూడున్నరేళ్ల ముందే ఆ అలబామా రాష్ట్ర గవర్నరు నల్లపిల్లలు చేరకుండా విశ్వవిద్యాలయం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అలాంటి చోట వాయించేవాళ్లంతా తెల్లవాళ్లు, చాలామంది చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు. ఆమె పియానో ముందు కూర్చుంది. కాసేపు పాట కుదరలేదు, అందరూ దిక్కులు చూస్తున్నారు. అప్పుడు స్పూనర్ ఓల్డ్‌హామ్ ఎలక్ట్రిక్ పియానో మీద ఒక చిన్న వరస వాయించాడు. అంతే, డ్రమ్సు, గిటార్లు దాని వెంట పడ్డాయి. కాసేపట్లో పాట పూర్తయింది. ఆ ఆనందంలో సీసాలు తెరిచారు. ఆమె భర్తకీ, ట్రంపెట్ వాయించే ఆయనకీ మాటా మాటా పెరిగింది. రిక్ హాల్ ట్రంపెట్ ఆయన్ని పంపించేశాడు. అక్కడితో ఊరుకోవాల్సింది. సర్దిచెబుదామని తనూ తాగి ఉండగానే రాత్రి హోటలుకి వెళ్లాడు. అక్కడ ఆమె భర్తా, ఆయనా కలబడ్డారు. తెల్లారేసరికి అరీతా దంపతులు ఊరు విడిచి వెళ్లిపోయారు. రెండో పాట సగంలో ఆగిపోయింది. వెక్స్‌లర్ ఆ కుర్రాళ్లనే న్యూయార్క్ పిలిపించుకుని మిగతా పని అక్కడ చేయించుకున్నాడు. ఆ ఒక్క పాటే ఆమె దశ తిప్పింది. రిక్ హాల్‌కి మాత్రం ఆమె చెయ్యి దాటిపోయింది.

ఎంత పనిమంతుడైనా కోపంలో, రాత్రిపూట ఏదీ తేల్చుకోకూడదు. ఆఫీసులో మీ మేనేజరుతో ఏమైనా మాట వచ్చిందా? వస్తే ఒక రాత్రి పడుకుని పొద్దున మాట్లాడు. ఉపన్యాసం ఇవ్వొద్దని మీ అమ్మ ముందే చెప్పింది, ఆపేస్తున్నాను.

1969లో రిక్ హాల్ దగ్గర వాయించే నలుగురు, బెకెట్, హాకిన్స్, హుడ్, జాన్సన్, విడిపోయి మనం చూసిన ఆ జాక్సన్ హైవే స్టూడియో పెట్టుకున్నారు. ఆ డిసెంబరులోనే రోలింగ్ స్టోన్స్ వచ్చి మూడు రోజుల్లో మూడు పాటలు చేసుకెళ్లారు. రిక్ హాల్ కొత్తవాళ్లని చేర్చుకుని మళ్లీ పెద్ద హిట్లే ఇచ్చాడు. కాబట్టి వదిలి వెళ్లడం తప్పని నేను అనను. కానీ వాళ్లు నలుగురు కలిసి వెళ్లారు, వెనక వెక్స్‌లర్ అప్పు ఉంది, రేపు ఎవరి పాట వాయించాలో తెలుసు. నీ వెనక ఎవరున్నారు? వాళ్లకి వీసా గొడవ కూడా లేదు. నీకు ఉద్యోగం ఆగితే 60 రోజులే గడువని పండు చెప్పాడు. అది తెలిసిన దగ్గర్నుంచి మీ అమ్మకి నిద్ర సరిగా లేదు. ఒక చిన్న స్టూడియో నీకు వీసా పెట్టగలదా, అడిగావా? ఇన్సూరెన్సు సంగతి? ఆ నలుగురూ తమ స్టూడియోని 1985లో అమ్మేసుకోవాల్సి వచ్చింది. జాక్సన్ హైవేలోని పాత షెడ్డు 2017లో మ్యూజియంగా తెరుచుకుంది. ఫేమ్ ఇప్పటికీ నడుస్తోంది, అది నిజమే.

పనికి నువ్వు సరిపోవని మాత్రం నేను ఎప్పుడూ అనుకోలేదు. చిన్నప్పుడు రామాలయం మైకులో గొంతు ఎక్కడ చీలుతుందో కనిపెట్టి ఆపరేటరుకి చెప్పినదానివి. వారాంతాల్లో వెళ్లి నేర్చుకుంటే ఎలా ఉంటుంది? ఆలోచించు. అటు తిరుగుతుంటే కారు టైర్లు మార్పించు, రాత్రిపూట ఆ హైవే మీద ఒక్కదానివే రావద్దు. అక్కడే గది తీసుకుంటే, సుడిగాలులు వచ్చినప్పుడు దాక్కునే చోటు ఇంట్లో ఉందో లేదో చూశాకే అడ్వాన్సు ఇవ్వు. జుట్టు ఊడుతోందన్నావు, గుడ్లు తింటున్నావా?

మీ అమ్మ గోంగూర, కందిపొడి, సున్నుండలు కట్టి పెట్టింది. సోమవారం కొరియర్ వాళ్లు వస్తారు. ఏ అడ్రసు రాయమంటావో ఆదివారంలోగా చెప్పు, హంట్స్‌విల్‌దా, షెఫీల్డ్‌దా.

నాన్న