సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించు వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారములు.

మన పర్వతారోహణ సంఘ ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా ఈ ఏటి పనిలోకి వస్తున్నాను. కార్తీక మాసంలో మన సభ్యులు 14 మంది పాడేరు మన్యంలోని ఆర్మకొండ శిఖరాన్ని చేరుకున్నారు. సీతమ్మకొండ, జిందగడ అని కూడా పిలిచే ఈ కొండ 1,680 మీటర్ల ఎత్తుతో తూర్పు కనుమల్లో మొదటిదని బడిలో చదువుకున్నవాళ్లమే అయినా, బయలుదేరే ముందు "అదెక్కడుందండీ?" అని అడగనివారు మన ఊళ్లో లేరు. ఎవరెస్టు ఎక్కడని మాత్రం ఎవరూ అడగరు.

ఏటిగట్టుకు మించిన ఎత్తు లేని సీమ మనది. అందుచేత వీపున పది కిలోల బియ్యం సంచి కట్టుకుని రేవు మెట్ల మీదుగా గట్టెక్కి దిగడమే సాధన అయింది. తాడు ముళ్లు నేర్పిన కొబ్బరి దింపు కార్మికులకు ప్రత్యేక కృతజ్ఞతలు; కాళ్లకు తాడు వేసుకుని రోజూ చెట్టెక్కే వారి ముందు మన పుస్తక జ్ఞానం నిలవలేదు.

నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి మీదుగా పాడేరు చేరాము. పాడేరే సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, శిఖరపు ఎత్తులో సగానికి పైగా మనల్ని వ్యానే ఎక్కించిందని ఒప్పుకోవాలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సుమారు 6.5 డిగ్రీల చలి పెరుగుతుందని సమావేశంలో రెండుసార్లు చెప్పినా, నూలు చొక్కాలతో వచ్చినవారు తెల్లవార్లూ వణికారు. సిల్వర్ ఓక్ నీడన మిరియాల తీగలతో కలిసి పెరిగే కాఫీ తోటలు దాటాక దారి నిటారుగా మారింది. ఇక్కడి ఖోండలైటు రాయి వానకు, ఎండకు నాని చివికి ఎర్రమట్టిగా రాలుతుంది; ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే అది మనల్ని ఎక్కువగా ఏడిపించింది. ఒక సభ్యుని బూటు అడుగు పూర్తిగా ఊడిపోగా, దారి చూపిన గిరిజన యువకుడు తన తువ్వాలు చించి కట్టి, సొరకాయ బుర్రలోని చోడి (రాగి) అంబలి అందరికీ పంచాడు. పైకి చేరిన అరగంట వరకు మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. అది విడిపోయాక వరుసలు వరుసలుగా కొండలు కనిపించగా, గోదావరి ఎటువైపని మన పెద్దాయన ఒకరు ఎంత వెదికినా ఫలితం లేకపోయింది.

మారేడుమిల్లి దగ్గరి గుడిస పచ్చిక కొండకు మరొక యాత్ర జరిగింది. అక్కడ నడిచినదానికన్నా ఖాళీ సీసాలు ఏరినదే ఎక్కువ. పాపికొండల జాతీయ ఉద్యానవనంలో నడకకు అనుమతి కోరుతూ పెట్టిన దరఖాస్తు మాత్రం ఒక కార్యాలయంలో బల్ల మారుతూనే ఏడాది గడిపింది. నాలుగుసార్లు వెళితే నాలుగుసార్లూ సంబంధిత అధికారి "క్యాంపులో ఉన్నారు".

ఇక స్వచ్ఛంద సేవకుల సంగతి. పేర్లు ఇచ్చినవారు 30 మంది. గట్టు సాధనకు క్రమం తప్పకుండా వచ్చినవారు ఆరుగురు. యాత్ర ఫొటోల్లో మాత్రం అందరూ తమను ట్యాగ్ చేయమన్నారు. ఇంతకు మించి రాయడం బాగుండదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు జతపరిచారు. వ్యాను కిరాయి అనుకున్నదానికి మించినందున ఏర్పడిన కొద్దిపాటి లోటును అధ్యక్షులు సర్దారు. వారికి, అన్నం మూటలు కట్టి పంపిన మహిళా సభ్యులకు, వ్యాను డ్రైవరు గారికి, చలి దుప్పట్లు అరువిచ్చిన దుకాణదారుకు, మనకు తావిచ్చిన గిరిజన గ్రామ పెద్దలకు సంఘం రుణపడి ఉంది.

వచ్చే ఏటికి ఒడిశాలోని మహేంద్రగిరి (1,501 మీటర్లు), కోరాపుట్ జిల్లాలోని దేవమాలి (1,672 మీటర్లు) ప్రతిపాదనలో ఉన్నాయి. మహేంద్రగిరి మీద పాండవుల పేరిట గుళ్లు ఉన్నందున పెద్దలు అటే మొగ్గుతున్నారు, సభ నిర్ణయించాలి. ఏది నిర్ణయించినా, సాధన వచ్చే ఆదివారం ఉదయం ఐదున్నరకు రేవు మెట్ల దగ్గర మొదలవుతుంది. బియ్యం సంచి ఎవరిది వారే తెచ్చుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి