మా చిన్నోడిని కాపాడినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు

మా రెండేళ్ల బాబు నీలగిరి తైలం తాగిన రోజున మా వెంట నిలబడినవాళ్లందరికీ మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి దండం పెడుతున్నాం. తన పేరు ఎక్కడా రాయొద్దని పై అంతస్తు పెద్దమ్మ గట్టిగా చెప్పారు కాబట్టి మిగతావాళ్ల పేర్లు కూడా రాయడం లేదు. వాళ్లు చేసిన పనులు మాత్రం రాసి తీరాలి. అలాంటి సీసా ఖమ్మంలో ఇంటికొకటి ఉంటుంది, ఆ పనులు తెలిసినవాళ్లు పక్కన ఉండకపోవచ్చు.

ఊటీ వెళ్లొచ్చినవాళ్లు చాక్లెట్లతో పాటు నీలగిరి తైలం తేవడం మామూలే కదా. మా మరిది కూడా తెచ్చాడు. జలుబు చేసినప్పుడు చేతిరుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని పీలుస్తాం. దానికి తిప్పే మూత ఒక్కటే, చుక్కచుక్కగా పడేలా లోపల బిరడా లాంటిదేమీ లేదు, వంచితే ధారగా వస్తుంది. ఆ సాయంత్రం వాడి దగ్గు విని గదిలోకి వెళ్లేసరికి చొక్కా ముందంతా తడిసి ఉంది. ఏడుస్తుంటే వాడి ఊపిరి నిండా అదే ఘాటు.

అత్తమ్మ గబగబా ఉప్పునీళ్లు కలిపారు, తాగించి కక్కిద్దామని. మా గోల విని పెద్దమ్మ మెట్లు దిగి వచ్చారు. ఆవిడ ప్రభుత్వ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. వస్తూనే గ్లాసు తీసి పక్కన పెట్టేశారు. "వదినా, కక్కించొద్దు. నూనె కడుపులో ఉంటే ఒక బాధ, ఊపిరితిత్తుల్లోకి పోతే పది బాధలు. సీసా ఏదమ్మా?" అన్నారు. నీలగిరి తైలం నీళ్లలా పలచగా ఉంటుంది. కక్కేటప్పుడు గొంతులోంచి ఊపిరి గొట్టంలోకి ఇట్టే జారిపోతుంది, కొంచెం పోయినా ఊపిరితిత్తులు వాచి న్యుమోనియా వస్తుంది. ఆవిడ ఇదంతా మాకు తర్వాత విడమరిచి చెప్పారు. అప్పుడు మాత్రం ఆ ఒక్క మాటే అన్నారు, అత్తమ్మ కూడా మారు మాట్లాడకుండా విన్నారు. పెద్దమ్మా, ఆ నిమిషంలో మీరు రాకపోతే ఏం జరిగేదో తలుచుకుంటేనే నాకు కాళ్లూ చేతులూ ఆడవు.

వీధి చివర స్టాండులోని ఆటో అన్న, మేం గేటు దాటేలోపే బండి తెచ్చి పెట్టాడు. ఆస్పత్రి దగ్గరే కాబట్టి 108 కోసం ఆగలేదు. దారిలో వాడి కళ్లు మూతలు పడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. వాంతి వస్తే బయటికి పోవాలి గానీ లోపలికి కాదంటూ పెద్దమ్మ వాడిని నా ఒళ్లో ఒక పక్కకు ఒత్తిగిలి ఉండేలా సర్దారు. ఇంకో చేత్తో 1800 116 117కి ఫోన్ చేశారు. అది ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతారు. పిల్లాడి వయసు, ఏం తాగాడు, ఎంత తాగి ఉంటాడు, ఇప్పుడెలా ఉన్నాడు అని అడిగి, ఏమీ తాగించకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లమన్నారు. ఇంత పెద్ద దేశంలో ఇలాంటి నంబరు ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆటో అన్న డబ్బులు తీసుకోలేదు. "ముందు బాబుని చూసుకో చెల్లె" అని వెళ్లిపోయాడు. అన్నా, మీ మేలు మరువం.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు గారు బాబు బరువు చూసి, సీసాను లైటుకి ఎదురుగా పట్టుకుని ఎంత మిగిలిందో గోటితో గుర్తు పెట్టుకున్నారు. చొక్కాకు ఎంత అంటింది, నేల మీద ఎంత ఒలికింది అని ఓపిగ్గా అడిగి, లోపలికి ఎంత పోయి ఉంటుందో లెక్క కట్టారు. సీసా వెంట తీసుకెళ్లడం ఎంత అవసరమో అప్పుడు అర్థమైంది. ఇంత చిన్న పిల్లలకు ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు కూడా ప్రమాదమేనట, అంతకంటే తక్కువకే మగత, తూలడం కనిపించవచ్చట. లక్షణాలు చాలామందిలో అరగంటలోపే మొదలైనా, ఒక్కోసారి గంటల తర్వాత కూడా రావచ్చని, ఫిట్స్ వచ్చినా చూసుకోవడానికి మందు సిద్ధంగా ఉందని చెప్పి రాత్రంతా ఉంచుకున్నారు. కడుపు కడగలేదు. ఎందుకు కడగడం లేదో మా ఆయనకు రెండుసార్లు వివరించారు, విసుక్కోలేదు.

సిస్టర్ చేసిన పని కూడా చెప్పాలి. ముందుగా ఆ తడి చొక్కా విప్పించి, వాడి మెడా ఛాతీ సబ్బునీళ్లతో మెత్తగా తుడిచారు. నూనె చర్మంలోంచి కూడా ఇంకుతుంది, ఆ ఆవిరి వాడి ముక్కుకి తగులుతూనే ఉంటుంది అన్నారు. బొటనవేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, తెల్లవార్లూ వచ్చి చూస్తూనే ఉన్నారు. తెల్లారి ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నప్పుడు మాకంటే ముందు ఆ సిస్టరే నవ్వారు. ఆ వార్డులో అందరికీ మా నమస్కారాలు.

ఇంటికి వచ్చాక పెద్దమ్మ మమ్మల్ని వదిలిపెట్టలేదు. మా అలమారాలు, దేవుడి గూడు, స్నానాల గది అన్నీ తిరిగి చూశారు. నాకు అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది హారతి కర్పూరం. తెల్లగా బిళ్లల్లా ఉంటుంది, పిల్లలు పటికబెల్లం అనుకుంటారు. చిన్న పిల్లల్లో నిమిషాల వ్యవధిలోనే ఫిట్స్ తెప్పించగలదట, ఒక గ్రాము లోపే ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయట. జలుబు తగ్గుతుందని చంటిపిల్లల మెడలో కర్పూరం మూట కట్టడం, ముక్కుల దగ్గర బామ్ రాయడం వద్దే వద్దన్నారు. పుదీనా, కర్పూరం ఘాటుకు పసివాళ్లకి ఊపిరి బిగుసుకుపోవచ్చు. దోమల మందు ఖాళీ బుడ్డిలో వేపనూనె, కర్పూరం పోసి ప్లగ్గుకి పెట్టమని చెప్పే వీడియోలు మనమంతా చూశాం. అది వేడి చేసే పరికరం, అందులో పోసేది మంట అంటుకునే సరుకు. పిల్లలు పడుకునే గదిలో తెల్లవార్లూ ఆ ఆవిరి పీల్పించడం ఎంత పొరపాటో ఆవిడ చెప్పాక దాన్ని వెంటనే తీసేశాం.

అత్తమ్మ మోకాళ్లకు రాసుకునే నొప్పుల నూనె మూత తీసి వాసన చూడగానే పెద్దమ్మ ఆగారు. అది వింటర్‌గ్రీన్ వాసన, అందులో ఉండేది మిథైల్ శాలిసిలేట్. అచ్చంగా ఉన్న వింటర్‌గ్రీన్ నూనె ఒక్క చెంచా, దాదాపు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానమట. అత్తమ్మ గుండె కవాటం ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. ఆ నూనె రోజూ రాస్తే వార్ఫరిన్ ప్రభావం పెరిగి రక్తస్రావం అయ్యే ముప్పుందని, డాక్టరుని అడగకుండా రాయొద్దని చెప్పారు. ఒంటికి రాసేదే కదా, లోపలికి వెళ్లదు కదా అనుకునేవాళ్లం.

లవంగనూనె పంటినొప్పికి పనికొస్తుంది గానీ చిగుళ్ల మీద నేరుగా పోస్తే కాలుతుంది, చిన్నపిల్లలు తాగితే కాలేయం దెబ్బతింటుంది. నిమ్మగడ్డి నూనె అయినా, లావెండర్ అయినా పెద్దవాళ్లు ఒంటికి రాసుకోవాలంటే కొబ్బరి నూనెలోనో నువ్వుల నూనెలోనో కలిపే రాసుకోవాలి. 30 మిల్లీలీటర్లకు ఆరు చుక్కలు వేస్తే సుమారు ఒక శాతం అవుతుంది, మొదలుపెట్టడానికి అది చాలు. ముందు ముంజేతి మీద కొద్దిగా రాసి ఒక రోజు చూడాలి. బకెట్ నీళ్లలో వేస్తే కలవవు, పైన తేలి చుక్కగానే ఒంటికి అంటుకుని మంట పెడతాయి. కంట్లో పడితే నలపకుండా కుళాయి కింద కనీసం పావుగంట కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పాతబడిన నూనెలు దద్దుర్లు తెప్పిస్తాయి కాబట్టి కొన్న తేదీ సీసా మీద రాసుకోమన్నారు. ఆవిరి పట్టడానికి ఉత్త వేడినీళ్లు చాలు, పిల్లలకు అది కూడా వద్దు, మరుగుతున్న గిన్నె మీద పడితే ఒళ్లు కాలుతుంది అన్నారు. ఇంట్లో పిల్లులుంటే ఈ నూనెల పొగ అసలే పడదట, వాటి కాలేయం వీటిని అరిగించుకోలేదు.

మందుల షాపు తమ్ముడు పిల్లలు తీయలేని మూతలున్న సీసాలు వెతికి తెప్పించి ఇచ్చాడు. మా ఆయన పై అరకు తాళం బిగించారు. తమ్ముడికి కూడా ఎంతో రుణపడి ఉన్నాం.

మేమందరం బతిమాలితే పెద్దమ్మ ఈ ఆదివారం సాయంత్రం అయిదింటికి మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కూర్చుని అందరికీ ఇవన్నీ చెప్పడానికి ఒప్పుకున్నారు. మీ ఇంట్లో ఉన్న నూనెలు, బామ్‌లు, నొప్పుల మందులు సంచిలో వేసుకుని రండి, ఒక్కొక్కటీ చూసి చెబుతారు. పక్క వీధివాళ్లు కూడా రావచ్చు. టీ, మిర్చి బజ్జీలు మా ఇంటి నుంచే.