ఆదివారం నా పుస్తకావిష్కరణకు రండి

బ్యాచ్ మిత్రులందరికీ నమస్కారం.

విచారణ జరపకుండా ప్రభుత్వోద్యోగిని తొలగించరాదని రాజ్యాంగం 311వ అధికరణం చెబుతున్నా, అందులోని మినహాయింపును చూపి, ‘విచారణ ఆచరణసాధ్యం కాదు’ అన్న ఒక్క వాక్యంతో నన్ను ఎస్సై ఉద్యోగం నుంచి డిస్మిస్ చేసిన వైనాన్నీ, తిరిగి విధుల్లో చేరేదాకా సాగిన కోర్టు పోరాటాన్నీ పుస్తకంగా రాశాను. ఆ మినహాయింపును వాడాలంటే కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. నా ఫైలులో ఆ కాగితమే లేదు. బెల్టు, టోపీ స్టోర్‌లో అప్పగించి రిజిస్టరులో సంతకం చేసిన సాయంత్రం నన్ను ఇంటిదాకా దిగబెట్టిన స్టేషన్ రైటర్ గారికి ఒక అధ్యాయమంతా కేటాయించాను.

ఆవిష్కరణ ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన శాఖా గ్రంథాలయంలో జరుగుతుంది. వచ్చేవారు శుక్రవారంలోగా ఇక్కడే తెలియజేయండి. ఇలాంటి ఉత్తర్వు అందుకున్న కుర్రవాళ్లెవరైనా తెలిసి ఉంటే తప్పక వెంటబెట్టుకు రండి, వారికి పుస్తకం ఉచితం. ఉత్తర్వు నకలును మరచిపోకుండా తెమ్మనండి.