ఈసారి జోనంగి కుక్కపిల్లలు అందరికీ రావు, ముందే చెప్పేస్తున్నాం

మన ఆంధ్ర దేశీ జాతి కుక్క జోనంగి పిల్ల కోసం మాకు అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ, ముందు అసలు విషయం. మా దగ్గర ఈ ఏడాది ఒక్క ఆడకుక్కే పిల్లలు పెట్టింది. ఐదు పిల్లలు. అందులో ఒక ఆడపిల్లను మేమే ఉంచుకుంటున్నాం, అంటే ఇవ్వడానికి ఉన్నవి నాలుగే. లిస్టులో మీరు అంతకు మూడు రెట్లు ఉన్నారు. రెండో ఆడకుక్కకు క్రాసింగ్ చేయించలేదు, ఈ ఏడాది చేయించం కూడా.

"మగకుక్క మీ దగ్గరే ఉంది, ఆడది ఎదకు వచ్చింది, ఇంకేంటండీ ఆలస్యం?" అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. ఆ రెండింటి తల్లులూ అక్కాచెల్లెళ్లు, అదీ సంగతి. అసలు జోనంగుల్లో మంచివి మిగిలిందే తక్కువ, ఉన్నవాటిలో చాలావరకు ఒకదానికొకటి చుట్టాలే. దగ్గర రక్తంలోనే కలుపుతూ పోతే మొదటి ఈతలో ఏ తేడా కనపడకపోవచ్చు, కానీ పోనుపోను పిల్లలు తక్కువ పుట్టడం, పుట్టినవి బలహీనంగా ఉండటం, లోపల దాగిన జబ్బులు పైకి తేలడం మొదలవుతుంది. అమ్మే వయసులో పిల్ల ముద్దుగానే ఉంటుంది కాబట్టి కొన్నవాళ్లకు ఇవేవీ తెలియవు. మాకు తెలుసు కదా.

అందుకే బయటి రక్తం కోసం మా ఆయన వీలు దొరికినప్పుడల్లా కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతున్నారు. ఒకప్పుడు అక్కడ బాతుల మందల వెంట ఈ కుక్కలే ఉండేవి. మందను కాయడం, చెదిరిన బాతుల్ని మళ్లీ గుంపులోకి తోలడం వీటి పని. చేపల చెరువులు పెరిగాక బాతుల పెంపకం తగ్గింది, అది మానేసినవాళ్లు కుక్కల్నీ వదిలేశారు. చెరువు గట్ల మీద దొరికిన చేపలు తిని బతికినవి కొన్ని, ఊరకుక్కల్లో కలిసిపోయినవి ఇంకొన్ని. కాబట్టి "ఇదిగో అసలు జోనంగి" అని ఎవరైనా చూపిస్తే నుదుటి మీద ముడతలు, పొట్టి నున్నటి బొచ్చు చూసి సరిపెట్టుకోలేం. తల్లి ఎవరింటిది, తండ్రి ఏ ఊరిది అని పెళ్లి సంబంధానికి వెళ్లినట్టు ఆరా తీస్తారు మా ఆయన. కొందరు విసుక్కుని పంపేస్తారు కూడా.

2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో దేశీ కుక్కల గురించి మాట్లాడాక మాకు ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ ఆయన చెప్పిన పేర్లు ముధోల్, రాజపాళయం, కన్ని, చిప్పిపారై, కొంబై లాంటివి. మన జోనంగి పేరు రాలేదు. దాంతో ఫోన్ చేసినవాళ్లలో చాలామంది రాజపాళయం ఉందా అని అడిగి పెట్టేసేవారు. మా ఆయనకు ఆ బాధ ఇంకా పోలేదు!

ఇక రేటు. ఈ ఈత నుంచి పిల్లకు రెండు వేలు పెంచాం, పాత బుకింగులకు మాత్రం పాత రేటే. టీకాలు, నట్టల మందు, తల్లికి తిండి, ఇవన్నీ పోను పిల్లల మీద మాకు మిగిలేది ఏమీ లేదు. సంక్రాంతికీ వేసవి సెలవులకీ మీరు మీ ల్యాబ్రడార్లనీ పగ్‌లనీ మా దగ్గర వదిలి ఊరెళ్తారే, ఇల్లు నడిచేది ఆ డబ్బుతో.

నెల పిల్లనే ఇచ్చేయండి, మా చేతికి అలవాటవుతుంది అనేవాళ్లకు ఒక మాట. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ రూల్ లేకపోయినా మేం ఇవ్వం. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తోటి పిల్లలతో ఆడుకునే ఆ వారాల్లోనే. బస్సు పార్సిల్లో పంపడం కూడా కుదరదు, వచ్చి తీసుకెళ్లాలి.

ఇంకోటి, ఇది అందరికీ సరిపడే కుక్క కాదు. ఒక మనిషికో ఒక ఇంటికో అతుక్కుపోతుంది, ఏడాదికో ఇల్లు మార్చినట్టు దానికి యజమానిని మారిస్తే తట్టుకోలేదు. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, ఏదో రాగం తీసినట్టు కూస్తుంది, పక్క ఫ్లాటువాళ్లు ఏమంటారో మీరే ఆలోచించుకోండి. పైగా మట్టి కనిపిస్తే గొయ్యి తవ్వి అందులో పడుకుంటుంది. పెరట్లో పూలమొక్కలు ప్రాణం అనుకునేవాళ్లు దయచేసి వద్దు. లిస్టు వరుసలోనే పిలుస్తాం గానీ, కాస్త పెరడు ఉండి ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లకే ఇస్తాం.

డబ్బు వెనక్కి కావాలంటే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి, కటింగులు లేకుండా మొత్తం ఫోన్‌పే చేసేస్తాం. ఆగుతాం అంటే మీ నంబరు అలాగే ఉంటుంది, కానీ వచ్చే ఏడాది తప్పకుండా వస్తుందని మాట ఇవ్వలేను, కొత్త మగకుక్క దొరకాలి ముందు. పిల్లల్ని చూడ్డానికి మాత్రం ఇప్పుడే రాకండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ చెప్పులకు అంటుకుని వచ్చినా సోకుతుంది, ఈ వయసులో సోకితే రెండు మూడు రోజుల్లోనే చేయి దాటిపోతుంది. మొదటి టీకా పడి పది రోజులయ్యాక నేనే చెప్తాను. ఈలోపు సాయంత్రం ఐదు తర్వాత వీడియో కాల్ చేయండి, ఆ టైంకి తిని మెలకువగా ఉంటాయి.